కేస్లాపూర్‌లో మాకోసం బండి కట్టించిన అక్కకు

అమ్మ ఇప్పుడే నిద్రపోయింది. షుగర్ 140 దగ్గర నిలబడింది. రెండు రాత్రులుగా నాకు కునుకు లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేను.

అనుకున్నది చిన్న ట్రిప్పే. ఆదివారం పొద్దున మహారాష్ట్రలోని ఉన్కేశ్వర్ వేడి నీళ్ల గుండంలో అమ్మ మోకాళ్ల నొప్పులకు స్నానం. రాత్రికి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబా జాతర. పుష్య అమావాస్య ఆదివారమే వచ్చింది, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం. గుండంలో దిగాక అమ్మ ఓ పట్టాన బయటికి రాలేదు. ఆ గంధకం వాసన, ఆ వేడి, "ఒళ్లంతా తేలికైపోయిందే" అంటూ గంట పైనే కూర్చుంది. సాయంత్రం ఇన్సులిన్ అయితే వేసుకుంది గానీ, అర్ధరాత్రి మహాపూజ అయ్యేదాకా ముద్ద ముట్టనంది. పోనీలే, మొక్కు కదా అని మేమూ ఊరుకున్నాం. తప్పు మాదే.

పదిన్నరకు జనంలో నడుస్తూ నడుస్తూ నా చెయ్యి వదిలేసింది. ఒళ్లంతా చెమట. ఆదిలాబాద్ చలిలో చెమట! తెలివి ఉంది గానీ మాట ముద్దగా వస్తోంది. నేను అరుస్తున్నాను, ఏమని అరిచానో నాకే తెలీదు.

పక్కనే ఎడ్లబండ్లు విప్పుకున్న కుటుంబాలున్నాయి. ఒక బండిలో గడ్డి మీద ఐదారేళ్ల పిల్లాడు గొంగడి కప్పుకుని నిద్రపోతున్నాడు. వాళ్లమ్మ మమ్మల్ని ఏమీ అడగలేదు. పిల్లాణ్ణి లేపి, కింద గోనెసంచి మీద పడుకోబెట్టి, ఆ వెచ్చటి చోట్లో మా అమ్మను పడుకోబెట్టింది. గొంగడి కూడా అమ్మకే కప్పింది. వాడు ఒకసారి కళ్లు తెరిచి చూసి, ముడుచుకుని మళ్లీ పడుకున్నాడు. "ఏం కాదు బాయీ" అంటూ బెల్లం చాయ్‌లో కరిగించి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టింది. ఇంకో చేత్తో అమ్మ పాదాలు రుద్దుతూనే ఉంది. చేతులు ఎంత గరుకుగా ఉన్నాయో, అమ్మ ఇప్పటికీ ఆ చేతుల గురించే చెప్తోంది.

అంబులెన్స్ వాళ్లేమో ఫోన్‌లో ల్యాండ్‌మార్క్ చెప్పమంటారు. మర్రిచెట్టు చెప్పనా, చుక్కలు చెప్పనా? చివరికి రోడ్డు దాకా మీరే తీసుకురండి అన్నారు. మా కారు వందల బండ్ల మధ్య ఇరుక్కుపోయింది. ఆ అక్క వాళ్లాయనతో గోండిలో రెండు మాటలంది, అంతే. ఆయన ఎడ్లను కట్టాడు. జైనూర్ వైపు నుంచి అంతదూరం నడిచొచ్చిన ఎడ్లు అవి. చేల గట్ల వెంట ఆ అక్క ముందు టార్చి పట్టుకుని నడిచింది, మేం వెనక.

సగం దారిలో ఉండగా వెనక నుంచి డోళ్లు, పెప్రె, కాలికోమ్ వాద్యాల మోత ఒక్కసారిగా లేచింది. పూజ మొదలైంది. జన్నారం దగ్గర హస్తినమడుగు నుంచి గోండుల్లో మెస్రం వంశస్థులు చెప్పుల్లేకుండా నడిచి తెచ్చిన గోదావరి నీళ్లతో ఏడాదికొక్కసారి చేసే పూజ అది. ఆవిడ ఆగింది. మోత వస్తున్న వైపు తిరిగి టార్చి చంకలో పెట్టుకుని దండం పెట్టింది. మళ్లీ ముందుకు నడిచింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు, ఆవిడ దేనికోసం అంతదూరం వచ్చిందో. నా ఏడుపు ఆగలేదు.

దారిలో మొదట ఆపిన ఆసుపత్రి పేరు రాయను. షుగర్ మిషన్ ఉంది, స్ట్రిప్పులు లేవు. ఆధార్ జిరాక్స్ మాత్రం ముందు కావాలట, అర్ధరాత్రి ఒంటిగంటకు! రెండోచోట చూస్తే షుగర్ బాగా పడిపోయి 52. అదీ బెల్లం పట్టాక. వేడి నీళ్లలో అంతసేపు నానితే బీపీ పడిపోతుందని, వేడికి ఇన్సులిన్ కూడా ఒంట్లోకి తొందరగా ఎక్కుతుందని, పైగా తిండి లేదని అక్కడి డాక్టరమ్మ గట్టిగా తిట్టింది. ఆ తిట్లకూ థాంక్స్ అమ్మా.

మా ఆయన, తమ్ముడు రెండు రోజులుగా కాళ్లు అరిగేలా తిరుగుతున్నారు. వాళ్లు మనవాళ్లే కదా.

ఆవిడ పేరు అడగలేదు. ఆ పరుగులో తట్టనే లేదు. గొంగడి మాత్రం అమ్మ మీదే ఉండి మాతో వచ్చేసింది, పొగ వాసన ఇంకా పోలేదు, ఉతకనివ్వడం లేదు అమ్మ. జైనూర్ వైపు వాళ్లెవరైనా ఇది చదివితే, జాతరలో పట్నపోళ్ల ముసలమ్మకు బండి కట్టించిన అక్క ఎవరో కనుక్కుని చెప్పండి. వచ్చి ఇచ్చేస్తాం. పిల్లాడికి చలి కదా.

మర్చిపోయాను, గట్టు దగ్గర చక్రం దిగబడితే భుజం పట్టిన కుర్రాళ్లకు, రోడ్డు మీద జనాన్ని తప్పించిన కానిస్టేబుల్‌కు, డబ్బులిచ్చానో లేదో గుర్తులేని ఆటో అన్నకు. ఇంకా ఉన్కేశ్వర్‌లో "బస్, ఆజీ, ఇక చాలు, బయటికి రా" అని రెండుసార్లు చెప్పిన ఆ మరాఠీ పెద్దాయనకు కూడా. ఆయన మాట విననందుకు క్షమాపణ అని అమ్మ రాయమంది.