ఫ్రాయిడ్‌ని కలల పుస్తకంతో మొదలుపెట్టకు అమ్మలూ

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నీతో ఫోన్ మాట్లాడి పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు, లేచి ఇది రాస్తున్నా. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి వదిలేస్తావు, అందుకే కాగితం తీశాను. వియన్నాలో మనసు జబ్బులు చూసిన డాక్టరు ఫ్రాయిడ్ రాసిన "ది ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ డ్రీమ్స్" కొన్నావట, నలభై పేజీలు చదివినా ఒక్క ముక్క బుర్రకెక్కలేదట, మనుషుల మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకుందామంటే ఇది నా వల్లయ్యే పని కాదేమో అన్నావు. ఆ మాట అనకు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్నప్పుడు నేనూ అదే పుస్తకం పట్టుకుని అక్కడే ఆగిపోయాను, మళ్ళీ ఫ్రాయిడ్‌ని ముట్టుకోవడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళు నీకు పోకూడదు.

అందులో మొదటి అధ్యాయం అంతా తనకంటే ముందు కలల గురించి ఎవరెవరు ఏమన్నారో పండితులకి అప్పజెప్పడమే. అసలు సంగతి రెండో అధ్యాయంలో, 1895 జులైలో తనకే వచ్చిన ఒక కలని ఒక్కో పోగూ విప్పుకుంటూ పోయే దగ్గర మొదలవుతుంది. 1899 చివర్లో ఆ పుస్తకం వస్తే, మొదట వేసిన 600 కాపీలు అమ్ముడుపోవడానికే ఎనిమిదేళ్ళు పట్టింది, ఇంక నువ్వు దిగులు పడటం దేనికి? ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఎవరికీ ఇచ్చేయకు, ఏడాది తర్వాత నువ్వే తీస్తావు.

నువ్వు మొదలుపెట్టాల్సింది "ఇంట్రడక్టరీ లెక్చర్స్ ఆన్ సైకోఅనాలిసిస్"తో. సైకోఅనాలిసిస్ అంటే మనోవిశ్లేషణ, మనకే తెలియకుండా మనసులో దాగి ఉన్నదాన్ని మాటల్లోంచి పట్టుకునే పద్ధతి. 1915 నుంచి 1917 దాకా, బయట మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, వియన్నా విశ్వవిద్యాలయంలో చెప్పిన 28 ఉపన్యాసాలు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో డాక్టర్లు ఉన్నారు, ఏమీ తెలియని మామూలు జనం కూడా ఉన్నారు, అందుకే మనకి అందేలా మాట్లాడాడు. మీకు ఈ అనుమానం వస్తుంది కదా అని తనే అడిగి తనే జవాబు చెప్తాడు. కలలతో మొదలుపెట్టడు, జబ్బులతోనూ మొదలుపెట్టడు, నోరు జారడంతో, వస్తువు ఎక్కడో పెట్టి మర్చిపోవడంతో మొదలుపెడతాడు. ఆస్ట్రియా పార్లమెంటులో అధ్యక్షుడు సభ ప్రారంభించబోయి "సభ ముగిసింది" అన్నాడట, ఆ రోజు సభ వల్ల మంచేమీ జరగదని ఆయనకి లోపల ఉంది మరి. 1920లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం "ఎ జనరల్ ఇంట్రడక్షన్ టు సైకోఅనాలిసిస్" అనే పేరుతో ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే సైటులో ఉచితంగా దొరుకుతుంది, పైసా పెట్టక్కర్లేదు. రెండు, మూడు, నాలుగు ఉపన్యాసాలు చదువు, అంతే, ఈ నెలకి అది చాలు.

వస్తువు పెట్టి మర్చిపోవడం అంటే నీకొకటి చెప్పాలి, ఇప్పటిదాకా చెప్పలేదు. నిన్ను భువనేశ్వర్ హాస్టల్లో దింపి వచ్చిన మర్నాడు నీ గది తాళంచెవి కనిపించలేదు. మూడు రోజులు ఇల్లంతా వెతికాం, మీ నాన్నగారు పనమ్మాయిని కూడా అడిగేశారు పాపం. నాలుగో రోజు బియ్యం కొలవబోతే డబ్బాలో కొలత గిన్నె చేతికి తగలాల్సిన చోట చల్లగా ఇనుము తగిలింది. పెట్టింది నేనే, ఆ డబ్బాలో ఇంకెవరూ చెయ్యి పెట్టరు. కానీ పెట్టినట్టు ఇసుమంత కూడా గుర్తులేదు. నువ్వు బండెక్కిన పొద్దున్నే మీ నాన్నగారు, గది ఎలాగూ ఖాళీయే కదా, జీడిపిక్కల బస్తాలు అందులో వేయిద్దామన్నారు. నేను సరే అన్నాను. నోరు సరే అంది, చెయ్యి ఒప్పుకోలేదు. ఫ్రాయిడ్ చెప్పేది ఇదే, ఇంతకంటే పెద్ద సిద్ధాంతం మొదట్లో నీకు అవసరం లేదు.

ఇంకోటి, "ఇగో" అనే మాట దగ్గర జాగ్రత్త. మనం "వాడికి ఇగో ఎక్కువ" అంటాం, అక్కడ దానర్థం పొగరు. ఫ్రాయిడ్ జర్మన్‌లో రాసింది మామూలు ఇంటి మాట, "నేను" అని. ఇడ్ అనేదాన్ని, అంటే లోపలి కోరికల్ని, "అది" అన్నాడు, తప్పొప్పులు చూసే సూపర్ ఇగోని "పై నేను" అన్నాడు. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళు లాటిన్ మాటలు పెట్టేసరికి మందుల చీటీలా తయారైంది. ఆ మాటలు వచ్చిన ప్రతిచోటా మనసులో తెలుగు చేసుకుని చదువు. "అది కావాలంటోంది, నేను ఆగమంటున్నా, పైనున్న నేను తిడుతోంది" అనుకుంటే ఇది మనకి పుట్టినప్పటి నుంచి తెలిసిన గొడవే కదా!

అన్నా ఓ అని ఒకమ్మాయి కథ నీకు ప్రతి పుస్తకంలోనూ తగులుతుంది. వియన్నా అమ్మాయి, తండ్రి జబ్బున పడితే రాత్రిళ్ళు పక్కన కూర్చుని సేవ చేసింది, ఆ తర్వాత తనే మంచాన పడింది. కొన్నాళ్ళపాటు పుట్టినప్పటి నుంచి మాట్లాడిన జర్మన్ నోటికి రాక ఇంగ్లీషులోనే మాట్లాడింది. చూసిన డాక్టరు బ్రాయర్, ఫ్రాయిడ్ కంటే పెద్దవాడు. రోజూ కూర్చుని ఆమె చెప్పేది వినేవాడు, దానికి "టాకింగ్ క్యూర్" అని ఆమే పేరు పెట్టింది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఆమెకి నయమైపోయిందన్నట్టు రాశారు కానీ ఆ తర్వాత కూడా ఆమె శానిటోరియంలో ఉండాల్సి వచ్చింది. చాలా ఏళ్ళకి బెర్తా పాపెన్‌హైమ్ అనే అసలు పేరుతో ఆడవాళ్ళ కోసం గట్టిగా పనిచేసింది. అందుకే ఫ్రాయిడ్ కథలు చదివేటప్పుడు నయమైంది అన్న చోట కాస్త ఆగు.

ఆ కథ చదివినప్పుడు నాకు మీ అమ్మమ్మ గుర్తొచ్చింది. మనది బజార్లో ఒరియా, ఇంట్లో తెలుగు కదా, మీ తాతయ్య పోయాక దాదాపు నెల రోజులు ఆవిడ ఇంట్లో కూడా మాతో ఒరియాలోనే మాట్లాడింది. నువ్వప్పటికి పుట్టలేదు. అన్నం పెట్టుకోమంటే ఒరియా, మందు వేసుకున్నావా అంటే ఒరియా. మా అన్నయ్య విసుక్కున్నాడు, చుట్టాలు మతి పోయిందన్నారు. మతేం పోలేదు, లెక్కలన్నీ సరిగ్గా చెప్పేది. తాతయ్యతో యాభై ఏళ్ళు తెలుగులో పోట్లాడింది, తెలుగులో నవ్వింది, ఆ భాషలో నోరు తెరిస్తే ఎదురుగా ఆయన ఉండాలి. ఒకరోజు సాయంత్రం పొయ్యి మీద పాలు పొంగాయి, నేను పెరట్లో ఉన్నాను, లోపల్నుంచి "ఒసేయ్, పాలు పొంగిపోతున్నాయే!" అని కేక. పరిగెత్తి వచ్చేసరికి గిన్నె దింపేసి, గట్టు పట్టుకుని నిలబడి ఏడుస్తోంది. ఆ రోజు నుంచి మళ్ళీ తెలుగు. ఇది చదువుకున్నదాన్నని నేను విప్పి చెప్పగలిగిందేమీ లేదు, చూసింది చూసినట్టు నీకు రాస్తున్నా.

మన ఊళ్ళో పెరిగినదానివి కాబట్టి గిడుగు రామమూర్తి గారు నీకు తెలుసు. ఆయన, ఫ్రాయిడ్ ఒకే కాలం వాళ్ళు, గిడుగు గారు 1863 నుంచి 1940, ఫ్రాయిడ్ 1856 నుంచి 1939. గిడుగు గారు ఇక్కడ సవరలనే గిరిజనుల మాటని వాళ్ళ నోట విని నేర్చుకుని రాసుకుంటుంటే, ఫ్రాయిడ్ అక్కడ పేషెంట్లు నోటికొచ్చింది చెప్పుకుంటూ పోతుంటే విన్నాడు. వినడం ఒక పని అని నాకు ఈ ఇద్దరి వల్లే అర్థమైంది.

మిగతా పుస్తకాలు. కథల్లా చదవాలనిపిస్తే స్టీఫెన్ గ్రోజ్ "ది ఎగ్జామిన్డ్ లైఫ్" (2013), లండన్‌లో పనిచేసే మనోవిశ్లేషకుడు ఆయన, ఒక్కో అధ్యాయం కొన్ని పేజీలే, బస్సులో కూడా అయిపోతుంది. నిజానికి నీకు ఫ్రాయిడ్ కంటే ముందు ఇదే నచ్చుతుందేమో. పిల్లల డాక్టరు విన్నికాట్ రాసిన "ది చైల్డ్, ద ఫ్యామిలీ అండ్ ది అవుట్‌సైడ్ వరల్డ్" నాది, పంపిస్తా, చాలా వరకు రేడియోలో తల్లులతో మాట్లాడిన మాటలే. తల్లి అన్నీ సరిగ్గా చెయ్యక్కర్లేదు, సరిపడా చేస్తే చాలు అంటాడు. నువ్వు ఏడాది పిల్లవి ఉన్నప్పుడు అది చదివి నేను ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

మన దేశపు మనోవిశ్లేషకుడు సుధీర్ కక్కర్‌ని మాత్రం వదలకు. నీలాగే మొదట ఇంజనీరింగ్ చదివాడు, అహ్మదాబాద్‌లో ఎరిక్ ఎరిక్‌సన్ అనే మనోవిశ్లేషకుణ్ణి కలిశాక దారి మార్చుకున్నాడు. "ది ఇన్నర్ వరల్డ్" 1978లో వచ్చింది, మన ఇళ్ళలో తల్లీకొడుకుల సంగతి, ఉమ్మడి కుటుంబం సంగతి అందులో ఉంటాయి. వియన్నా ఇళ్ళ లెక్క మన ఇళ్ళకి అన్నిచోట్లా సరిపోదు. ఆ మాట కక్కర్ కంటే చాలా ముందే, 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్, ఫ్రాయిడ్‌కే ఉత్తరాల్లో రాశాడు. అన్నిటికీ తల ఊపలేదు, నాకు ఆయనలో నచ్చేది అదే. తెలుగులో అయితే రావిశాస్త్రి గారి "అల్పజీవి" చదువు, భయపడే మనిషి లోపల ఏం జరుగుతుందో సుబ్బయ్యని చూస్తే తెలుస్తుంది.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. చదివింది నీ రూమ్మేట్ మీద వెయ్యకు. నేను ఆ తప్పు చేశాను. కొత్తగా చదివిన ఊపులో మీ అత్తతో "నీ తలనొప్పి నిజం కాదు వదినా, లోపల ఏదో అణిచిపెట్టుకున్నావు" అన్నాను, నలుగురిలో. రెండేళ్ళు మా ఇంటి గడప తొక్కలేదు. ఆమె లోపల ఏముందో ఆమె చెప్పాలి, నేనెవరిని చెప్పడానికి? ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు బాధగానే ఉంటుంది. నోటు పుస్తకం ఒకటి పెట్టుకుని నీ కలలు, నీ మరుపులు, నువ్వు జారిన మాటలు రాసుకో, ఎవరికీ చూపించక్కర్లేదు, నాక్కూడా.

ఇందాక ఫోన్‌లో "ఒక ఫ్రెండ్‌కి రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదమ్మా, అందుకే చదువుతున్నా" అన్నావు. ఆ ఫ్రెండ్ ఎవరని నేను అడగను. ఎవరైనా సరే, నిద్రలేని మనిషికి పుస్తకం సరిపోదు, మాట్లాడే మనిషి కావాలి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులోనూ ఒరియాలోనూ మాట్లాడతారు. అది కాకపోతే నాకు చెయ్యి, రెండింటికైనా మూడింటికైనా. ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటున్నా.

విన్నికాట్ పుస్తకం గురువారం మీ మావయ్య భువనేశ్వర్ వస్తున్నాడు, ఆయన చేతికిస్తా. నీ గదిలో బస్తాలు వెయ్యలేదు. తాళంచెవి ఇప్పుడు మేకుకే ఉంది.

అమ్మ