అరకు లాడ్జి నేల ఎందుకు లేచింది, మీ పనులు ఎందుకు ఆలస్యమవుతున్నాయి

మా వద్ద కర్ర పని చేయించుకుంటున్న ఖాతాదారులందరికీ నమస్కారం. ఆగస్టు నెలాఖరుకు ఇస్తామని మాట ఇచ్చిన తలుపులు, మెట్లు, పైకప్పు వాసాలు ఆరు వారాలు ఆలస్యమవుతాయి. కారణం మా పొరపాటే కనుక, జరిగింది జరిగినట్టు మీకు చెప్పడం నా బాధ్యత.

అరకు లోయ వైపు కొండ వాలులో కడుతున్న ఒక లాడ్జికి స్తంభాల నుంచి నేల పలకల దాకా మొత్తం కర్ర పని మాదే. విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో మే నెల ఎండల్లో టేకు పలకలను చిత్రిక పట్టి, ఒకదాని అంచు మరొకదాని గాడిలో దిగేలా కోసి, జూన్ మొదటి వారంలో కొండ మీద పరిచేశాము. సందు కనిపించకూడదన్న పట్టుదలతో ప్రతి పలకనూ సుత్తితో కొట్టి గోడ అంచు దాకా బిగించాము.

జూలైలో కబురు వచ్చి వెళ్లి చూస్తే, మూల గదిలో నేల నడుమ భాగం తాబేటి వీపులా పైకి లేచి ఉంది. కాలు మోపితే కింద బోలుగా చప్పుడైంది. తేమ మీటరు ముళ్లు గుచ్చితే 16 శాతం చూపింది. అవే పలకలు విజయవాడలో లారీ ఎక్కే రోజున 10 శాతం ఉన్నాయి. 150 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలక ఆ మేరకు తేమ పీల్చుకుంటే ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. ఒక్క పలకలో అది కంటికి ఆనదు గాని, గదికి అడ్డంగా ఇరవై పలకలుంటే మొత్తం మూడు సెంటీమీటర్లు దాటుతుంది; పక్కకు జరిగే చోటు మేమే లేకుండా చేశాము కనుక నేల పైకి లేచింది. కర్ర ఎంత ఆరిందన్నది ఒక్కటే చూశాను, అది ఏ గాలిలో నిలవబోతోందో చూడలేదు.

పొడవులో కర్ర దాదాపు మారదు కనుక దూలాలు, వాసాలు చెక్కుచెదరలేదు. స్తంభాల అడుగులను కాంక్రీటులో పాతకుండా ఇనుప పాదాల మీద నేలకు ఎత్తుగా నిలిపాము. కోసిన కొన నుంచే కర్ర నీటిని ఎక్కువగా తాగుతుంది కనుక ఆ జాగ్రత్త ఈ వానల్లో మమ్మల్ని కాపాడింది.

ఇప్పుడు నేల అంతా ఊడదీసి, 90 మిల్లీమీటర్ల సన్నపలకలతో మళ్లీ వేస్తున్నాము. దుంగలోని వలయాలకు అడ్డంగా కోసిన పలక, మామూలు కోత పలకతో పోలిస్తే వెడల్పులో సుమారు సగమే ఉబ్బుతుంది కనుక అలాంటి కోతనే ఎంచుకున్నాము. ఆ పలకలను అక్కడి వరండాలోనే మధ్య మధ్య బద్దలు పెట్టి నాలుగు వారాలు పేర్చి ఉంచుతాము. గోడల వెంట 15 మిల్లీమీటర్ల సందు వదిలి పైన బద్దె కొడతాము. ఖర్చంతా మాదే. ఏడుగురు వడ్రంగుల్లో నలుగురు కొండ మీదే ఉండిపోవడం వల్ల మీ పనులు వెనకబడ్డాయి. ఆగలేనివారికి అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాము. ఆగేవారికి ఒప్పుకున్న ధరలో మార్పు ఉండదు. ఇకపై సరుకుతో పాటు బిల్లు మీద తేమ శాతం కూడా రాసి ఇస్తాము.

ఈ వానల్లో మేము చేసిన తలుపు ఎవరింట్లోనైనా బిగుసుకుంటుంటే దయచేసి వెంటనే చిత్రిక పట్టించకండి, ఎండాకాలంలో ఆ చోట సందు పడుతుంది. సంక్రాంతి దాటాక కూడా బిగువు తగ్గకపోతే కబురు చేయండి, నేనే వచ్చి చూస్తాను.