మంత్రిగారూ, మా చర్చి ఆర్గన్‌ను తుక్కు కింద రాయకండి

గౌరవనీయులైన మంత్రిగారికి,
కడప నుంచి ఒక పాత చర్చి సభ్యుడు నమస్కరించి రాసుకునేది.

మా మరమ్మతుల గ్రాంటు ఫైలు మీ దాకా వచ్చే ఉంటుంది. పైకప్పుకు, ప్రహరీకి, రంగులకు డబ్బు మంజూరు చేశారు, సంతోషం. ప్రార్థన పాటలకు వాయించే ఆర్గన్‌ను మాత్రం జాబితాలోంచి కొట్టేశారు. అర్జీ మీద అర్జీ పెట్టినా జవాబు లేదు. అందుకే నలుగురిలో అడగాల్సి వస్తోంది.

తనిఖీకి వచ్చినాయన పైనున్న పైపులను తట్టి చూసి, వాటిలోంచి గాలి రావడం లేదు, పనికిరాదని రాసుకుపోయారు. అయ్యా, ఆ పైపుల్లోంచి గాలి ఏనాడూ రాలేదు! అవి అలంకారానికి బిగించినవి. ఇది కాళ్లతో తొక్కే రీడ్ ఆర్గన్. పెడల్ తొక్కితే తిత్తి గాలిని లాగేస్తుంది, ఆ లాగుడికి బయటి గాలి రీడ్లనే సన్నని ఇత్తడి నాలుకల మీదుగా దూసుకెళ్లి స్వరం పలుకుతుంది. పైపు ఆర్గన్ కొనే స్తోమత లేని చర్చిల కోసం అమెరికాలో ఇలాంటివి తయారుచేశారు. అక్కడి ఎస్టే కంపెనీ ఒక్కటే 5 లక్షలకు పైగా చేసింది. చెన్నై సెయింట్ ఆండ్రూస్ చర్చిలో ఉన్నట్టు 1883 నాటి అసలు పైపు ఆర్గన్ మాకెక్కడిది? మాకున్నది ఇదే.

రీడ్లు చెక్కుచెదరలేదు. ఒక వరుస రీడ్లకు గాలి తెరిచే, 'డయపాసన్' అని రాసిన తెల్ల గుండీ లాగి పెడల్ గట్టిగా తొక్కితే, వేళ్లతో నొక్కే మెట్లు కొన్ని ఇప్పటికీ పలుకుతాయి. చెడిందల్లా తిత్తికి వేసిన రబ్బరు గుడ్డ. మన ఎండలకు పెళుసెక్కి మడతల దగ్గర చీలింది, కొంత ఎలుకలు కొరికాయి. కొత్త గుడ్డ అతికించి, రీడ్లు తీసి దుమ్ము దులిపితే పాడుతుంది.

దీన్ని బాగుచేసేవాళ్లు లేరంటే ఒప్పుకోను. 1885లో సురభి నాటకం పుట్టింది మన జిల్లాలోనే. పద్యనాటకాలకు కాళ్ల హార్మోనియం మరమ్మతు చేసిన చేతులకు ఇదేం కొత్త కాదు. ఒక్కరినైనా పిలిపించి చూపించారా?

ఇప్పుడు రంగులేసే కాంట్రాక్టరు దాన్ని వరండాలోకి నెట్టించాడు. మీద ఒక పాత ఫ్లెక్సీ కప్పారు, అంతే. అక్టోబరు వానలకు జల్లు నేరుగా అక్కడికే కొడుతుంది. చెక్క ఉబ్బితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. రంగులు వచ్చే ఏడు వేసుకుంటాం, ఆ డబ్బు దీనికి మళ్లించండి. అదీ కుదరదంటే, తెలిసినవాళ్లతో మళ్లీ తనిఖీ చేయించండి. ముందు మాత్రం ఆర్గన్‌ను లోపలికి చేర్చమని ఈ వారంలోనే ఆదేశమివ్వండి. చేతులెత్తి అడుగుతున్నాం.

ఇట్లు,
కడప నుంచి ఒక చర్చి సభ్యుడు