డయాలసిస్ చేసేటప్పుడు కాళ్ల సంగతి కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీ పత్రికలో తరచూ వస్తూనే ఉంటుంది. హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీరు, పలాసలో 2023లో తెరిచిన 200 పడకల ఆసుపత్రి, పింఛన్లు అన్నీ చదివాం. రాత్రిపూట మా ఇళ్లలో జరిగేది మాత్రం ఎవరూ రాయగా చూడలేదు.

మా అన్నయ్యకు కాస్త జీడితోట, కొబ్బరి ఉన్నాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. పగలు బాగానే తిరుగుతాడు. రాత్రి భోంచేసి మంచమెక్కాడంటే మొదలు. పిక్కల లోపల ఏదో పాకినట్టు, లాగినట్టు ఉంటుందట. నొప్పా అంటే కాదంటాడు, తిమ్మిరా అంటే కాదంటాడు. "పీకేత్తన్నాయిరా, ఉండబట్టదు" అంటాడు. లేచి వాకిట్లో నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది, నడుం వాలిస్తే మళ్లీ తయారు. తుండుగుడ్డలు రెండు పిక్కలకూ బిగించి కట్టుకుని, పాదాలు గోడకు తన్నిపెట్టి పడుకుంటాడు. కునుకు పట్టేసరికి కోడి కూస్తుంది. వదినకూ అదే జాగారం. ఊళ్లో ఒకాయన గాలి సోకిందన్నాడు. ఇంకొకాయన నరాల నీరసమని బలం సూదులు పొడిచి డబ్బులు పట్టుకుపోయాడు.

దీన్ని డాక్టర్లు రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. కొత్త రోగమేమీ కాదు, 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండ్ వైద్యుడు దీని గురించి రాశాడు. కిడ్నీలు చెడినవాళ్లలో, ఒంట్లో ఐరన్ తగ్గినవాళ్లలో, గర్భిణుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కనిపెట్టడానికి స్కానింగులు అక్కర్లేదు. కాళ్లు కదపాలనిపిస్తుందా, ఊరికే కూర్చున్నా పడుకున్నా ఎక్కువవుతుందా, నడిస్తే తగ్గుతుందా, సాయంత్రం నుంచి ముదురుతుందా అని అడిగితే చాలావరకు తేలిపోతుంది. ఆ నాలుగు మాటలు అడిగేవాళ్లే లేరు.

అన్నిటికంటే కష్టం డయాలసిస్ మంచం మీద. నాలుగు గంటలు కదలకుండా ఉండాలి. చేతిలో సూదులుంటాయి, కాస్త మెసిలితే మిషను అలారం కొడుతుంది, టెక్నీషియన్ కసురుతాడు. అన్నయ్య మడమలను మంచం పట్టీకి అదిమి అదిమి, ఇక తాళలేక అరగంట ముందే తీసేయమంటాడు. "రోగి కోరిక మేరకు ఆపాం" అని రాసుకుంటారు. ఆ కోరిక ఎందుకొచ్చిందో ఏ కాగితంలోనూ ఉండదు. అరగంట చొప్పున శుద్ధి కాకుండా మిగిలే రక్తం లెక్క ఎవరు చూస్తారు?

ఇంకో చిక్కు మందుల దగ్గరుంది. కిడ్నీ రోగులకు ఒళ్లంతా దురద. దానికి, నిద్ర కూడా పడుతుంది కదా అని, మగతనిచ్చే పాతరకం అలర్జీ బిళ్లలు ఇస్తుంటారు. ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ అలాంటివే. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ ఒకటి. కాళ్ల పీకులాట ఉన్నవాళ్లకు ఇవి దాన్ని ఇంకా పెంచగలవు. డిప్రెషన్ మందుల్లో కొన్నిటితోనూ ఇంతే. నిద్ర కోసం మింగిన బిళ్లే నిద్ర చెడగొడుతుంటే పల్లెటూరి మనిషికి ఎలా తెలుస్తుంది? పొద్దుపోయాక తాగే టీ కూడా మానమంటారు. అది మాత్రం అన్నయ్య వినడు.

వైద్యం లేక కాదు. ముందు ఫెరిటిన్ పరీక్షతో ఐరన్ నిల్వలు చూస్తారు, తక్కువుంటే డయాలసిస్‌లోనే నరం ద్వారా ఎక్కిస్తారు. గాబాపెంటిన్ పనిచేస్తుంది, కానీ అది ఒంట్లోంచి పోయేది కిడ్నీల ద్వారానే. అందుకే తక్కువ మోతాదులో, డయాలసిస్ అయ్యాక ఇస్తారు. పక్కింటాయనకు తగ్గిందని మెడికల్ షాపులో కొనుక్కుని మింగితే మత్తు కమ్మి పడిపోయే ప్రమాదముంది. ప్రమిపెక్సోల్ లాంటివి మొదట్లో బాగా పనిచేసినా, ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బాధ సాయంత్రం బదులు మధ్యాహ్నమే మొదలవుతుంది, చేతులకూ పాకుతుంది.

జిల్లా వైద్యాధికారులను అడిగేది ఇంతే. ప్రతి డయాలసిస్ కేంద్రంలో బీపీ, బరువు రాసే కాగితం మీదే కాళ్ల గురించి, నిద్ర గురించి ఒక గడి పెట్టించండి. మన యాసలోనే అడిగించండి. రెస్ట్‌లెస్ అంటే తెల్లమొహం వేస్తారు, "రాత్రి కాళ్లు పీకుతున్నాయా" అంటే సగం వార్డు లేచి కూర్చుంటుంది. ముందే ఆపమన్న ప్రతి రోగినీ కారణం అడిగి డాక్టరుకు చెప్పాలి. గర్భిణులను ఆశా కార్యకర్తలూ ఈ ముక్క అడగొచ్చు.

ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి, ఆ బిళ్లల పేర్లు మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా