పంపు బతికే ఉంది, బండి స్టార్ట్ అయింది, అందరికీ థాంక్స్

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, మా కారు స్టార్ట్ అయింది! సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవట్లేదు, ఏం చేయాలి అని ఇక్కడ అడిగితే ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ట్యాంక్ నుంచి ఇంజన్‌కి పెట్రోల్ పంపే ఫ్యూయల్ పంపు పోయింది, కొత్తది వేయాల్సిందే అని మెకానిక్ తేల్చేశారు. కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు రావాల్సిన సన్నటి మోటారు శబ్దం నిజంగానే రావట్లేదు, కాబట్టి ఆయన మాట నమ్మేలాగే ఉంది. కానీ మీరు ఆపారు. కరెంటు అందకపోయినా పంపు అలాగే మూగబోతుంది, ముందు అది చూడండి అన్నారు. ఫ్యూజ్ బాగానే ఉంది. పంపుకి కరెంటు ఆన్ చేసే స్విచ్ లాంటి రిలే తీసి, దాని స్థానంలో అదే నంబరున్న హారన్ రిలే పెట్టి చూసినా మార్పు లేదు.

అసలు కిటుకు చెప్పిన అన్నకి ప్రత్యేకంగా దండం పెట్టాలి. మల్టీమీటర్‌లో 12 వోల్టులు కనిపించాయని నమ్మేయొద్దు, పంపు కనెక్టర్ దగ్గర బల్బు పెట్టి చూడు అన్నారాయన. మీటరు దాదాపు కరెంటే లాగదు కాబట్టి తుప్పు పట్టిన జాయింట్ గుండా కూడా పూర్తి వోల్టేజ్ చూపిస్తుంది, పంపుకేమో కొన్ని ఆంపియర్లు కావాలి, అక్కడే తేలిపోతుందట. అలాగే చేశాం. ఇంట్లోవాళ్లు కీ తిప్పుతుంటే నేను వెనక చూస్తున్నాను. పంపు కనెక్టర్ రెండు పిన్నుల మధ్య బల్బు వెలగలేదు, అదే బల్బు ఒక కొస ప్లస్‌కి, రెండోది బాడీకి పెడితే భేషుగ్గా వెలిగింది! అంటే ప్లస్ వస్తోంది, పోయింది ఎర్త్, అదే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. కార్పెట్ ఎత్తి చూస్తే ఎర్త్ వైరు బోల్టు పూర్తిగా తుప్పు పట్టేసి ఉంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించాను. కీ ఆన్ చేయగానే ఆ శబ్దం వినపడింది చూడండి, ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

శబ్దం వచ్చినంత మాత్రాన పంపు బాగున్నట్టు కాదు, ప్రెషర్ కూడా చూపించుకో అన్నవాళ్ల మాటా విన్నాను. గేజ్ పెట్టించాను, మాన్యువల్‌లో రాసినంత ప్రెషర్ వస్తోంది, ఇంజన్ ఆపాక కూడా వెంటనే పడిపోవట్లేదు. రెండు సెకన్లు మోగి ఆగిపోతే కంగారు పడొద్దు, ఇంజన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సర్ చెప్తేనే ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) పంపుని నడుపుతూ ఉంటుంది అని ముందే చెప్పినవారికి కూడా చాలా థాంక్స్, లేకపోతే ఆ టెన్షన్ ఒకటి మొదలయ్యేది.

ట్యాంక్‌లో మునిగి ఉండే పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే కాబట్టి అడుగంటేదాకా నడపొద్దన్నారు కదా, ఇవాళే ఫుల్ చేయించాను. బోల్టు ఫోటో అడిగినవాళ్లకి రేపు వెలుతురులో తీసి పంపిస్తాను.