రొయ్యల ఫోటోల మోడల్ డాకర్‌లో నడిపేవాళ్లకి
అందరూ ఒకసారి చూడండి. భీమవరం చెరువుల దగ్గర తీసిన రొయ్యల ఫోటోల మీద ఏఐ మోడల్‌ని డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ని, దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టె లాంటిది) నడుపుతుంటే రాత్రి రెండుసార్లు బస్ ఎర్రర్ అని ఆగిపోయింది, ఫోటోలే పాడయ్యాయేమోనని టెన్షన్‌తో ఒక్కొక్కటీ తెరిచి చూశాను, మీసాలతో సహా అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. అసలు సంగతి షేర్డ్ మెమరీ, అంటే ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి డేటా అందించుకునే ఉమ్మడి మెమరీ. డాకర్ మామూలుగా ఇచ్చేది 64 ఎంబీయే, మోడల్‌ని నడిపే పైటార్చ్ లైబ్రరీలో ఫోటోలు లోడ్ చేసే డేటాలోడర్ వర్కర్లు వాటి బ్యాచ్‌లని దాని ద్వారానే అందిస్తాయి కాబట్టి ఇట్టే నిండిపోతుంది. రన్ చేసేటప్పుడే దాన్ని 8 జీబీ చేశాను, తెల్లారేదాకా ఆగలేదు.

గ్రాఫిక్స్ కార్డుని నడిపించే ఎన్విడియా డ్రైవర్ కంటైనర్‌లో కాదు, మెషీన్‌లోనే ఉండాలి, ఆ కార్డుని కంటైనర్‌కి అందించే కంటైనర్ టూల్‌కిట్ కూడా అక్కడే. అమలాపురం వాళ్లు కొబ్బరాకుల ఫోటోలతో మొదలుపెడతామన్నారు కదా, ఫలితాలు మాత్రం బయటి ఫోల్డర్‌ని మౌంట్ చేసి (అంటే కంటైనర్‌కి కలిపి) అందులోనే దాచుకోండి, కంటైనర్ తీసేస్తే లోపలున్నవన్నీ పోతాయి.