దొరల గోరీల మధ్య ఒక పూట

ఒరే బావా,

ఫోన్లో రెండు ముక్కలు చెబితే "అంతేనా?" అంటావు, వాట్సాప్‌లో పెడితే చదవకుండానే బొటనవేలు బొమ్మ పడేస్తావు. అందుకే ఈసారి ఉత్తరం. కాఫీ పెట్టించుకుని కూర్చో, కాస్త పొడుగుంటుంది.

కలకత్తాలో పని శుక్రవారానికే తెమిలిపోయింది. రైలు శనివారం రాత్రి. మధ్యలో ఒక పగలంతా మిగిలింది. కాళీఘాట్ వెళ్ళి అమ్మవారికి దండం పెట్టుకుని రమ్మని మా ఆవిడ మరీమరీ చెప్పి పంపింది. పొద్దున్నే నేను ఎక్కడికి పోయి ఉంటానో నువ్వు ఊహించగలవు. బందరులో చదువుకునే రోజుల్లో డచ్చివాళ్ళ సమాధుల దొడ్డికి నన్ను మొదటిసారి లాక్కెళ్ళిన పాపం నీదే కదా! రాతిలోంచి పైకి తేలిన ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా కూడబలుక్కుంటూ చదివాం. అప్పుడంటుకున్న జబ్బు ఇంకా వదల్లేదు. ఏ ఊరెళ్ళినా కాళ్ళు అటే లాగుతాయి.

పార్క్ స్ట్రీట్ అంటే ఇప్పుడు హోటళ్ళు, కేకులు, క్రిస్మస్ దీపాలు. దాని పాత పేరేమిటో తెలుసా? బరియల్ గ్రౌండ్ రోడ్డు. అచ్చంగా శ్మశానం దారి! ఊళ్ళో పాత సమాధుల దొడ్డి నిండిపోతే 1767లో ఇక్కడ కొత్తది తెరిచారు. అప్పటికిది ఊరికి దూరం, ఇప్పుడు నట్టనడిబొడ్డు. గేటు దాటేదాకా బస్సుల హారన్లు చెవులు గిల్లేస్తున్నాయి. నాలుగడుగులు లోపలికి వేశానో లేదో, కాకులు తప్ప ఏం వినపడలేదు.

మన ఊళ్ళో సమాధి అంటే నడుమెత్తు దిమ్మ, పైన ఒక సిలువ. ఇక్కడ అలా కాదురా. పిరమిడ్లు, సూదిమొన స్తంభాలు, గుమ్మటాలు, నాలుగు వైపులా స్తంభాలున్న మండపాలు, ఒక్కోటి రెండంతస్తుల మేడంత! రాయి అనుకునేవు, అంతా ఇటుక కట్టి సున్నం పూసిన పనే. ఆ సున్నం పెచ్చులూడి, ఇటుకల సందుల్లోంచి రావి మొక్కలు మొలిచి, పైనుంచి కిందిదాకా నాచు పట్టి ఉంది. సందుల్లో నడుస్తుంటే ఎవరో రాజులు వదిలేసిపోయిన పేటలో తిరుగుతున్నట్టుంది. కింద పడుకున్నవాళ్ళేమో చాలామంది ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలు, సిపాయి దొరలు, వాళ్ళ పెళ్ళాలు, పసిపిల్లలు. బతికుండగా కట్టుకోలేని మేడలు చచ్చాక కట్టించుకున్నారా అనిపించింది.

వయసులు చదువుతూ పోతే మాత్రం నవ్వు ఆగిపోతుంది. పందొమ్మిది, ఇరవై మూడు, పదకొండు నెలలు. రెండు వానాకాలాలే మనిషి ఆయుష్షు అని అప్పటి ఇంగ్లీషువాళ్ళలో ఒక నానుడి ఉండేదట. రోజ్ ఐల్మర్ అనే పిల్ల 1800లో పోయింది, ఇరవై ఏళ్ళకే. అనాసపండ్లు అతిగా తిని కడుపు చెడి పోయిందని అప్పట్లో చెప్పుకున్నారు. కలరా అని ఇప్పుడంటారు. ఆమె స్తంభం మిగతావాటిలా నిటారుగా ఉండదు, తాడు పేనినట్టు మెలికలు తిరిగి ఉంటుంది. దాని మీది అక్షరాలు చదువుదామని వంగితే కాలు జారింది. నాచు! ప్యాంటు మోకాలి దగ్గర పచ్చటి మరక, ఇంటికెళ్ళాక ఉతికినా పోలేదు. నువ్వెప్పుడైనా వస్తే చలికాలంలో రా, పట్టున్న బూట్లు వేసుకో, దోమల మందు పూసుకో. ఆ దోమలకి మాత్రం కంపెనీ కాలం ఇంకా అయిపోయినట్టు లేదు.

అక్కడ నన్ను నిలబెట్టేసింది ఇంకో సమాధి. దూరంనుంచి చూస్తే చిన్న గుడి. దగ్గరకెళ్తే చెక్కిన ద్వారబంధం, పైన శిఖరం, నిజంగా గుడే! చార్లెస్ స్టూవర్ట్ అని కంపెనీ సైన్యంలో మేజర్ జనరల్, ఐర్లండు మనిషి. రోజూ పొద్దున్నే నడిచివెళ్ళి గంగలో స్నానం చేసేవాడు, ఇంట్లో విగ్రహాలు పెట్టుకునేవాడు. తోటి దొరలు వెక్కిరింపుగా పెట్టిన పేరు 'హిందూ స్టూవర్ట్'. 1828లో పోతే ఆయన విగ్రహాలు కొన్ని ఆయనతోపాటే పూడ్చారు. క్రైస్తవుల శ్మశానంలో గుడి ఆకారం సమాధి, లోపల దేవుళ్ళతో సహా దొరగారు. మీ నాన్నగారుంటే దీనిమీద గంటసేపు వాదించేవారు.

అన్నిటికన్నా ఎత్తయిన స్తంభం సర్ విలియం జోన్స్‌ది. తలెత్తి చూడబోతే టోపీ వెనక్కి పడాల్సిందే. 1784లో తూర్పుదేశాల చదువుల కోసం ఆసియాటిక్ సొసైటీ పెట్టాడు, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక తల్లి పిల్లలని చెప్పాడు, 1794లో నలభై ఏడేళ్ళకి పోయాడు. కాపలా మనిషి నా ముఖం చూడగానే అడక్కుండానే అటు చెయ్యి చూపించాడు. వచ్చినవాళ్ళందరూ అడిగేది ఆయన్నే కాబోలు.

నేను వెతుక్కుంటూ వెళ్ళింది వేరే ఆయన్ని. కాలిన్ మెకంజీ, కంపెనీలో సర్వే చేసిన దొర. మీ అమరావతి మెకంజీయేరా! 1821 మే 8న పోతే పార్క్ స్ట్రీట్ శ్మశానంలోనే పూడ్చారని చదివి, పేరు కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళా. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త ఊరు కట్టిస్తూ పాత స్తూపం దిబ్బ దీపాలదిన్నెని తవ్విస్తుంటే, కబురు తెలిసి వచ్చి చూసింది ఆయనే. మళ్ళీ 1816లో వచ్చి శిల్పాల బొమ్మలన్నీ గీయించాడు. అంత చేసినవాడికి మన భాషలు రావు. ఏలూరి కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య లేకపోతే ఆయనకి శాసనమూ లేదు, ఊళ్ళ చరిత్ర రాసిన కైఫీయతూ లేదు. ఊరూరా కరణాలని కూర్చోబెట్టి రాయించింది బొర్రయ్యా, అతని మనుషులూ. పాపం, 1803లో చిన్న వయసులోనే పోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య పని అందుకున్నాడు.

రెండు గంటలు తిరిగా. ఇటుకలో పలక ఊడిపోయిన గుంటలెన్నో, చదవడానికి రాని పలకలెన్నో. 'మెక్' అని కనిపించిన ప్రతిచోటా ఆగాను. ఒకాయన మెక్‌డొనాల్డ్, ఒకావిడ మెక్‌లీన్. మెకంజీ దొరకలేదు. ఆయాసపడుతూ ఒక మండపం మెట్ల మీద కూర్చున్నా. పక్క మెట్టు మీద కాలేజీ జంట ఒకే ఇయర్‌ఫోన్ చెరోటి పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చారు.

అక్కడ కూర్చుని ఆలోచిస్తే నాకు మెకంజీ దొరకలేదన్న దిగులు కన్నా లక్ష్మయ్య విషయమే కెలికింది. దొర పోయాక ఆ కాగితాలన్నీ కంపెనీ లక్ష రూపాయలకి కొనేసింది. మిగిలిన పని నేను చేస్తానని లక్ష్మయ్య అడిగితే ఆసియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. ఇదే వీధికి ఆ చివర ఉంది సొసైటీ. దాన్ని పెట్టినాయన స్తంభమేమో ఈ చివర, చెట్లని మించి నిలబడి ఉంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కాసేపు దోమల్ని కొట్టుకుంటూ కూర్చున్నా.

ఇంతలో మా ఆవిడ ఫోన్. "గుడికెళ్ళావా?" "శ్మశానంలో ఉన్నా." అవతల కాసేపు నిశ్శబ్దం. "తలస్నానం చేసిగానీ ఏమీ ముట్టుకోకు" అని పెట్టేసింది. దిగిన చోట ఆ మధ్యాహ్నం కుళాయిలో చుక్క నీళ్ళు లేవు. ఈ సంగతి ఆవిడకి తెలియదు, నువ్వు చెప్పకు.

స్నానం కుదరక ఇండియన్ మ్యూజియంకి నడిచా, దగ్గరే. భార్హుత్ స్తూపం ఎర్రరాళ్ళు దాటాక ఒక పక్కన అమరావతి పలకలు కనిపించాయి, మెకంజీ కాలంలో కలకత్తా చేరినవాటిలో మిగిలినవి. అదే పలనాటి రాయి, లేత ఆకుపచ్చ ఛాయలో. చిన్నప్పుడు మీ పెరట్లో బట్టలుతికే బండ ఉండేది చూడు, సరిగ్గా ఆ రంగు. దానికి ముఖం పెట్టి నిలబడితే మీ ఊళ్ళో బస్సు దిగినట్టే అయింది. ఇంతసేపూ దొరల పేర్లు వెతుక్కున్నా కదా, ఇక్కడ నాకు తెలిసిన రాయి దొరికింది.

కాళీఘాట్ సాయంత్రం వెళ్ళాన్లే, నీళ్ళొచ్చాక. ఒక పని చేసిపెట్టు. మీ తాతగారు కరణీకం చేశారు కదా, గుంటూరు కైఫీయతుల అచ్చు పుస్తకం మీ ఇంట్లోనో పంచాయతీ లైబ్రరీలోనో ఉండే ఉంటుంది. మీ ఊరి పేరు ఉందేమో చూసి, ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పంపు. ఫొటో వంకరగా తీయకు, నీకా అలవాటుంది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పండక్కి వస్తున్నా.

నీ బావ